కుళాయి నీళ్లకు గార పడుతుంటే: ముందు కొలత, తర్వాతే కొనుగోలు

కెటిల్‌లో నీళ్లు కాచిన ప్రతిసారీ అడుగున తెల్లటి పెచ్చులు తేలుతుంటాయి. షవర్‌లో సగం రంధ్రాలు పూడిపోయి ఒక ధార గోడకి, ఇంకో ధార కంట్లోకి కొడుతుంది. గాజు గ్లాసు ఎంత తోమినా మసక వదలదు. ఉతికిన తువ్వాలు ఆరాక అట్టముక్కలా బిగుసుకుపోతుంది. మీ ఇంట్లో ఇవన్నీ జరుగుతుంటే మీ కుళాయిలో వచ్చేవి కఠిన జలాలు, వాడుకలో చెప్పాలంటే ఉప్పు నీళ్లు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. నీళ్లు ఎంత కఠినంగా ఉన్నాయో తెలుసుకోకుండానే పరిష్కారం కొనేస్తారు. నేనూ అదే చేశాను. పైపుకి తగిలించే అయస్కాంతం రింగు ఒకటి తెచ్చి బిగించి, ఆరు నెలలు చూశాను. పైపుకి అందమైన ఆభరణం అయితే వచ్చింది గానీ కెటిల్‌లో గార గారలాగే ఉంది. అందుకే ఈ పనిని కొలతతో మొదలుపెడదాం.

1. మొదట మీ నీళ్ల అంకె తెలుసుకోండి

వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది. అది సున్నపురాతి పొరల్లోంచి దిగుతూ కాల్షియంను, మెగ్నీషియంను కరిగించుకుంటుంది. నీళ్లకు కాఠిన్యం వచ్చేది ఈ రెండింటి వల్లే. భూగర్భ జలానికి రాతితో సహవాసం ఎక్కువ కాబట్టి నది నీళ్లకంటే అందులో కాఠిన్యం సాధారణంగా ఎక్కువ ఉంటుంది. నగరాల్లో రెండు మూడు చోట్ల నుంచి నీళ్లు తెచ్చి కలిపి వదులుతుంటారు కాబట్టి పక్క పేటలో నీళ్లు బాగుండి మీ పేటలో గార పట్టొచ్చు. మీ ఇంట్లోనే వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా కూడా ఉండొచ్చు.

కాఠిన్యాన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని లెక్కిస్తారు. పీపీఎం అన్నా దాదాపు అదే. 60 లోపు ఉంటే మెత్తటి నీళ్లు, 61 నుంచి 120 వరకు ఓ మోస్తరు, 121 నుంచి 180 వరకు కఠినం, 180 దాటితే బాగా కఠినం. ఎక్కువగా వాడే విభజన ఇది.

కొలవడానికి మూడు దారులున్నాయి. మొదటిది, నీళ్లు సరఫరా చేసేవాళ్ల పరీక్ష నివేదిక. అందులో 'మొత్తం కాఠిన్యం' అనే వరుస చూడండి. రెండోది, రంగు మారే పట్టీలు. నీళ్లలో ముంచి, డబ్బా మీది రంగులతో పోల్చుకోవడమే. ఉరామరిగా చెబుతాయి, మొదటి అంచనాకు చాలు. మూడోది చుక్కల కిట్. నేను సిఫారసు చేసేది ఇదే.

చుక్కల కిట్‌లో ఓ చిన్న గొట్టం, రెండు మూడు సీసాలు ఉంటాయి. గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి సూచిక (రంగు మారి చూపించే మందు) కలపగానే నీళ్లు ద్రాక్షరసం రంగులోకి మారతాయి. తర్వాత రెండో సీసాలోంచి ఒక్కో చుక్కా లెక్కపెడుతూ వేసి, ప్రతి చుక్కకీ గొట్టాన్ని తిప్పి కలపాలి. చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఎరుపు ఊదాలోకి జారుతుంది. అక్కడ ఆపకండి. ఇంకో చుక్క, ఇంకో చుక్క... ఉన్నట్టుండి ఎరుపు జాడే లేకుండా నీలం అయిపోతుంది. అప్పటిదాకా వేసిన చుక్కల్ని కిట్ మీద రాసిన అంకెతో గుణించండి. అదే మీ కాఠిన్యం. తెల్ల కాగితం వెనక పెట్టుకుని పగటి వెలుతురులో చేస్తే రంగు సరిగా తెలుస్తుంది.

ఇవేవీ లేకపోతే సబ్బు పరీక్ష ఉంది. ఒకేలాంటి మూతల సీసాలు రెండు తీసుకోండి. ఒకదానిలో కుళాయి నీళ్లు, ఇంకోదానిలో అంతే కొలతలో డిస్టిల్డ్ వాటర్ పోయండి. రెండింటిలోనూ సబ్బు కరిగించిన నీళ్లు పది చుక్కల చొప్పున వేసి గట్టిగా ఊపండి. డిస్టిల్డ్ వాటర్ సీసాలో నురగ నిలిచి, కుళాయి సీసాలో మాత్రం పాలలాంటి తెట్టు కడితే అనుమానం అక్కర్లేదు. కాకపోతే వాడేది అసలైన సబ్బు అయ్యుండాలి. షాంపూ, గిన్నెల లిక్విడ్ లాంటివి కఠిన జలంలోనూ నురగనిస్తాయి, వాటితో పరీక్ష తప్పుతుంది.

టీడీఎస్ పెన్ను గురించి కాస్త ఆగి చెప్పాలి. అది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత ఉంటాయో అంచనా కడుతుంది. అందులో కాల్షియం ఎంతో, మామూలు ఉప్పు ఎంతో దానికి తెలియదు. టీడీఎస్ 500 ఉన్న నీళ్లు మెత్తగా ఉండొచ్చు, 300 ఉన్న నీళ్లు కఠినంగా ఉండొచ్చు. సాఫ్ట్‌నర్ (నీళ్లను మెత్తబరిచే మెషీన్) పెట్టించాక పెన్ను ముంచి చూస్తే అంకె దాదాపు అంతే ఉందని మెకానిక్‌తో పోట్లాడినవాళ్లలో నేనొకణ్ణి. తప్పు నాదే. సాఫ్ట్‌నర్ కాల్షియంను తీసి దాని బదులు సోడియం పెడుతుంది, మొత్తం ఉప్పు తగ్గదు.

ఇంకోటి, ఇంటికొచ్చి రెండు గ్లాసుల నీళ్లలో కరెంటు రాడ్లు పెట్టి చూపించే సేల్స్ ప్రదర్శన. మీ కుళాయి నీళ్లు గోధుమరంగు బురదగా మారతాయి, వాళ్ల ఫిల్టర్ నీళ్లు తేటగా ఉంటాయి. ఇంట్లోవాళ్ల ముఖాలు మాడిపోతాయి. ఆ బురదలో చాలామటుకు ఇనుప రాడ్ కరిగి వచ్చిన తుప్పే. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి రాడ్ కరుగుతుంది, లవణాలు లేనిదాంట్లో పారదు, కరగదు. నమ్మకం కలగకపోతే వాళ్ల తేట నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ రాడ్లు పెట్టమనండి.

2. మరిగిస్తే పోయేదెంతో చూడండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు గానీ డబ్బు మిగిల్చేది ఇదే. కాఠిన్యం రెండు రకాలు. బైకార్బొనేట్ల వల్ల వచ్చేది వేడి తగిలితే గారగా విడిపోతుంది, దాన్ని తాత్కాలిక కాఠిన్యం అంటారు. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది మరిగించినా పోదు.

లీటరు నీళ్లు కొలిచి పది నిమిషాలు మరిగించండి. చల్లారాక ఆవిరైపోయినంత డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్లీ లీటరు చేయండి. ఈ పని మరిచిపోతే అంకె ఎక్కువ చూపిస్తుంది. అడుగున మడ్డి దిగేదాకా ఉంచి, పైన తేరిన నీళ్లను మళ్లీ చుక్కలతో కొలవండి. ఉదాహరణకు ముందు 300, ఇప్పుడు 110 అనుకుందాం. అంటే 190 దాకా వేడికి గారగా దిగేదే. ఇలాంటి ఇంట్లో మొదట కాపాడుకోవాల్సింది గీజర్‌ని, కెటిల్‌ని. ముందు 300, తర్వాత 260 అని వస్తే గీజర్‌కి పెద్ద ఢోకా లేదు, మీ అసలు ఇబ్బంది సబ్బుతోనూ బట్టలతోనూ.

3. పట్టిన గార వదిలించండి

గార అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. కోడిగుడ్డు పెంకు కూడా అదే. గోకితే రాదు గానీ ఆమ్లం తగిలితే బుడగలు కక్కుతూ కరిగిపోతుంది. ఇంటి పనికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) గానీ తెల్ల వెనిగర్ గానీ చాలు.

కెటిల్‌కి: లీటరు నీళ్లు గోరువెచ్చగా చేసి, స్విచ్ తీసేసి, రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట వదిలేయండి. బుడగలు ఆగాక పారబోసి రెండుసార్లు కడిగి, ఒకసారి మామూలు నీళ్లు కాచి పారబోయండి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లను మరిగించొద్దు. బాగా వేడెక్కితే కాల్షియం సిట్రేట్ తెల్లగా గట్టిపడి అడుగున కూర్చుంటుంది. ఒక గార పోయి ఇంకో గార వచ్చినట్టవుతుంది.

కుళాయికి: నీళ్ల ధార సన్నబడిందంటే ముందు మూతి దగ్గరి జాలీ చూడండి. కుళాయి గీతలు పడకుండా గుడ్డ చుట్టి, పానాతో మెల్లగా తిప్పితే ఊడివస్తుంది. లోపల వలలాంటి ప్లాస్టిక్ ముక్కలు, ఒక రబ్బరు వాషర్ ఉంటాయి. ఏది ఏ వరుసలో ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. (మొదటిసారి నేను తీసుకోలేదు. తిరిగి బిగించాక నీళ్లు నాలుగు వైపులా కొట్టాయి.) వాషర్ పక్కన పెట్టి, మిగతావి వెనిగర్‌లో అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. వెలుతురుకి ఎత్తి చూస్తే రంధ్రాలన్నీ తెరుచుకున్నట్టు కనపడాలి.

షవర్‌ని విప్పే పని లేదు. ప్లాస్టిక్ కవర్‌లో వెనిగర్ పోసి, షవర్ ముఖం మునిగేలా తొడిగి రబ్బరు బ్యాండ్ వేయండి. అరగంట తర్వాత తీసి వేడినీళ్లు ధారాళంగా వదలండి. రాత్రంతా ఉంచమని చెప్పేవాళ్లుంటారు, క్రోమ్ పూత ఉంటే ఆ పని చేయకండి.

బాత్రూం గాజు తలుపు మీది మరకకు వెనిగర్‌లో తడిపిన కాగితం అంటించి పావుగంట ఉంచితే చాలు. తర్వాత రోజూ స్నానం కాగానే రబ్బరు వైపర్‌తో ఒక్కసారి లాగేయండి. నీటి చుక్క అక్కడే ఆరినప్పుడే మరక పడుతుంది.

జాగ్రత్తలు నాలుగున్నాయి, ఇవి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వెనిగర్, నిమ్మ ఉప్పు, యాసిడ్, వీటిలో దేన్నీ బ్లీచింగ్‌తో కలపకూడదు, వెంటవెంటనే వాడకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే కాబట్టి గారను కరిగించేది రాతినీ తినేస్తుంది. పాలరాతి గట్టు మీద వెనిగర్ సీసా దించకండి. టైల్స్ కడిగే ఘాటు యాసిడ్‌ని కుళాయిల మీద పోయకండి. గార పోతుంది, దాంతోపాటు మెరుపూ పోతుంది. మా సింకు కుళాయి ఒకటి ఇప్పటికీ మచ్చలతోనే ఉంది. చివరిది, నిమ్మ ఉప్పు పొడి కంట్లో పడకుండా చూసుకోండి.

4. గీజర్ సంగతి

మా గీజర్ మొదట చప్పుడు మొదలుపెట్టింది. ఆన్ చేసిన ఐదు నిమిషాలకు లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు గరగరమనేది. విప్పి చూస్తే హీటింగ్ ఎలిమెంట్ కనపడలేదు. దాని చుట్టూ వేలిమందం తెల్లటి తొడుగు, ట్యాంకు అడుగున గుప్పెళ్లకొద్దీ పెచ్చులు. ఆ పెచ్చుల కింద చిక్కుకున్న నీళ్లు ఆవిరై బుడగలు పగలడమే ఆ చప్పుడు. గారలోంచి వేడి సరిగా దాటదు కాబట్టి నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, లోపల ఎలిమెంట్ మాత్రం మాడిపోతుంది.

మీరు చేయగలిగింది, మొదట థర్మోస్టాట్‌ని 60 డిగ్రీల దగ్గర పెట్టడం. అక్కడి నుంచి వేడి పెరిగేకొద్దీ గార జోరుగా దిగుతుంది. అలాగని 45కి దించి నిలవ ఉంచినా మంచిది కాదు, గోరువెచ్చటి ట్యాంకులో లెజియొనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. 60 రెండు వైపులా సరిపడే అంకె.

రెండోది, ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించడం. ఇది మెకానిక్ పని, మీరు పక్కన నిలబడి చూడండి. మెయిన్ దగ్గరే కరెంటు తీసేశాడా, నీళ్లు చల్లారాక ట్యాంకు ఖాళీ చేశాడా అని గమనించండి. ఎలిమెంట్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడుస్తుంటే ఆపమనండి, పైతొడుగుకు చిల్లు పడితే నీళ్లకు షాక్ వస్తుంది. బకెట్‌లో లీటరుకు 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి ఎలిమెంట్‌ని అందులో ముంచితే గార దానంతటదే ఊడుతుంది. ఆ కరెంటు కనెక్షన్ల కొస మాత్రం తడవకూడదు. అదే సమయంలో మెగ్నీషియం రాడ్ ఎంత మిగిలిందో కూడా చూపించమనండి. ట్యాంకుకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోయేది అదే. సన్నటి తీగ మాత్రమే మిగిలితే మార్పించాలి. గాస్కెట్ కొత్తది వేయించండి, పాతది బిగిస్తే వారంలో కారుతుంది. సేఫ్టీ వాల్వ్ గారతో బిగుసుకుపోలేదని కూడా చూడమనాలి, ట్యాంకులో ఒత్తిడి పెరిగితే వదిలేది అదొక్కటే.

5. బట్టలు, గిన్నెలు

సబ్బు కాల్షియంతో కలిసి తెట్టు అవుతుంది. ఆ తెట్టు నూలుపోగుల్లో చిక్కుకుని తెల్లబట్టల్ని బూడిదరంగుకి తెస్తుంది. చేత్తో ఉతికేవాళ్లు బట్టల సబ్బు బదులు డిటర్జెంట్ వాడాలి. మెషీన్‌లో అయితే కఠిన జలానికి లిక్విడ్ కంటే పౌడర్ మేలు, కాఠిన్యాన్ని పట్టి ఉంచే జియోలైట్, సోడా లాంటివి పౌడర్లలో ఎక్కువగా కలుపుతారు. కొన్ని ప్యాకెట్ల వెనక నీటి కాఠిన్యాన్ని బట్టి కొలత రాసి ఉంటుంది. మొదటి మెట్టులో తెలుసుకున్న అంకె ఇక్కడ పనికొస్తుంది. నూలు బట్టలైతే వాషింగ్ సోడా ఒక చెంచా కలిపినా డిటర్జెంట్ ఆదా అవుతుంది. ఉన్నికి, పట్టుకు సోడా వాడొద్దు. రెండు మూడు నెలలకోసారి బట్టలు లేకుండా, నిమ్మ ఉప్పుతో వేడినీళ్ల సైకిల్ ఒకటి తిప్పండి. మీ మెషీన్ పుస్తకం అందుకు ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోండి.

డిష్‌వాషర్ ఉంటే చాలావాటిలో చిన్న సాఫ్ట్‌నర్ ముందే ఉంటుంది. సెట్టింగుల్లో మీ కాఠిన్యం అంకె పెట్టి, డిష్‌వాషర్ ఉప్పు నింపండి. వంట ఉప్పు వేస్తే అందులోని మెత్తటి పొడి ఆ సాఫ్ట్‌నర్‌ని పూడ్చేస్తుంది.

6. ఒళ్లు, జుట్టు, తాగడం

చర్మం బిరుసెక్కడానికి ఎక్కువ కారణం ఒంటిమీద మిగిలే సబ్బు తెట్టు. సబ్బు బదులు సిండెట్ బార్ (సబ్బు కాని స్నానపు బార్, తెట్టు కట్టదు) వాడి, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాస్తే తేడా తెలుస్తుంది. ఎగ్జిమా ఉన్న పిల్లల కోసం సాఫ్ట్‌నర్ కొనేద్దామనుకునే తల్లిదండ్రులు ఒక సంగతి తెలుసుకోవాలి. బ్రిటన్‌లో 336 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. మామూలు వైద్యానికి సాఫ్ట్‌నర్ తోడైనా ఎగ్జిమాలో అదనంగా మేలు కనపడలేదు. జుట్టు గరుకుగా ఉంటే ఈడీటీఏ (కాల్షియంను పట్టి లాగే పదార్థం) ఉన్న షాంపూ వారానికోసారి చాలు. కుదుళ్లతో సహా ఊడుతుంటే నీళ్లను తిట్టుకుంటూ కూర్చోకుండా డాక్టర్‌కు చూపించండి.

తాగే నీళ్లలో కాఠిన్యానికి ఆరోగ్యం దృష్ట్యా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎలాంటి పరిమితీ పెట్టలేదు. కఠిన జలం తాగితే కిడ్నీలో రాళ్లు వస్తాయన్న భయానికి గట్టి ఆధారం లేదు. రాళ్లకు అంతకంటే పెద్ద కారణం నీళ్లు సరిపడా తాగకపోవడం. టీ మీద తేలే తెట్టు కూడా హానికరం కాదు, చూడ్డానికి బాగోదంతే. కాకపోతే ఈ మాటలన్నీ కాఠిన్యానికే వర్తిస్తాయి. నైట్రేట్, ఫ్లోరైడ్, ఆర్సెనిక్ లాంటివి ఉన్నాయో లేదో ల్యాబ్‌లోనే తెలుస్తుంది.

7. ఇప్పుడు మెషీన్ కావాలో వద్దో తేల్చుకోండి

నా లెక్క ఇది. 120 లోపు ఉంటే ఏమీ కొనకండి, నిమ్మ ఉప్పు డబ్బా చాలు. 120 నుంచి 250 దాకా ఉంటే గీజర్‌కి, వాషింగ్ మెషీన్‌కి వెళ్లే నీళ్ల మీద మాత్రమే దృష్టి పెట్టండి. పాలీఫాస్ఫేట్ కార్ట్రిడ్జ్ లాంటివి గారను కొంతవరకు ఆపుతాయి, గింజలు అయిపోగానే మార్చాలి. 250 దాటితే, అదీ సొంత ఇల్లయితే, అప్పుడు సాఫ్ట్‌నర్ గురించి ఆలోచించవచ్చు. తాగడానికి మాత్రమే కావాలంటే వంటింట్లో ఒక ఆర్వో సరిపోతుంది. అది బయటికి వదిలే నీళ్లను నేల తుడవడానికి పట్టుకోండి. ఉప్పు లేని కండిషనర్లలో కొన్ని రకాలు గారను తగ్గిస్తాయి గానీ నీళ్లను మెత్తబరచవు. సబ్బు నురగ వస్తుందని వాటిని కొంటే నిరాశే. అయస్కాంతం సంగతి ముందే చెప్పాను.

సాఫ్ట్‌నర్ సైజు అమ్మేవాళ్లు చెప్పేదాకా ఆగక మీరే లెక్కేసుకోండి. నలుగురు మనుషులు, ఒక్కొక్కరికి 150 లీటర్లు అనుకుంటే రోజుకు 600 లీటర్లు. కాఠిన్యం 300 అయితే రోజుకు తీయాల్సింది 180 గ్రాములు. సాఫ్ట్‌నర్ లోపల కాల్షియంను పట్టుకునే గింజల్ని రెజిన్ అంటారు; లీటరు రెజిన్ పొదుపుగా వాడితే 45 నుంచి 50 గ్రాముల దాకా పట్టుకుంటుంది. 25 లీటర్ల రెజిన్ ఉన్న మెషీన్ సుమారు ఆరు రోజులు పనిచేస్తుంది, తర్వాత ఉప్పునీళ్లతో కడగాలి. ఒక్కో కడుగుకు రెండున్నర కిలోల ఉప్పు పడుతుంది. ఆ మూటలు మోసేదెవరు, మేడ మీదికి ఎక్కించేదెవరు అన్నది కొనేముందే ఇంట్లో మాట్లాడుకోండి. కడిగిన ఉప్పునీళ్లు డ్రైనేజీలోకే పోవాలి, చెట్ల మొదళ్లలోకి కాదు.

వంటింటి చన్నీళ్ల కుళాయిని సాఫ్ట్‌నర్‌కి కలపకుండా వదిలేయమని ప్లంబర్‌కి ముందే చెప్పండి. 300 కాఠిన్యం తీసేస్తే లీటరుకు దాదాపు 138 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 2,000 మిల్లీగ్రాములు దాటొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది పెద్ద లెక్క కాదు. పసిపిల్లల పాలపొడి కలపడానికి, ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లకు మాత్రం ఆ నీళ్లు వాడొద్దు. కుండీల్లో మొక్కలకూ అంతే.

బిగించిన రోజే సాఫ్ట్‌నర్ ముందు నీళ్లు, తర్వాత నీళ్లు రెండూ చుక్కలతో కొలిచి, తేదీ వేసి మెషీన్ మీదే ఓ కాగితం అంటించండి. నెలకోసారి రెండో అంకె మళ్లీ చూడండి. పెరుగుతుంటే ముందు ఉప్పు డబ్బా మూత తీయండి. చాలాసార్లు లోపల ఉప్పు పైన గడ్డకట్టి వంతెనలా నిలబడి, కింద ఖాళీగా ఉంటుంది. చీపురు కర్రతో పొడిస్తే దిగిపోతుంది. సర్వీసు వాళ్లకు ఫోన్ చేసేది ఆ తర్వాతే.